తేల్చని అమ్మకందారు, అడగలేని కొనుగోలుదారు

ఇల్లు అమ్ముతానని నలుగురికీ చెప్పి, వచ్చినవారికి గదులన్నీ తిప్పి చూపించి, ధర దగ్గర కూడా ఒక మాటకు వచ్చి, తీరా బయానా పుచ్చుకుని కాగితం మీద సంతకం పెట్టవలసిన రోజు వచ్చేసరికి ఏదో ఒక కారణంతో దాన్ని ముందుకు జరుపుతూ పోయే వ్యక్తిని తేల్చని అమ్మకందారు అనవచ్చు. బేరం కుదిరినందుకు గుర్తుగా కొనుగోలుదారు ముందుగా ఇచ్చే సొమ్మే బయానా. పాత తెలుగులో దీన్ని సంచకరువు అనేవారు, ఇప్పుడు అడ్వాన్సు, టోకెన్ అనే మాటలు వాడుకలో ఉన్నాయి. ఇటువంటి అమ్మకందారు సాధారణంగా మోసగాడు కాడు, అబద్ధమూ ఆడడు. అమ్మనని మాత్రం చెప్పడు. అమ్ముతానన్న మాటకూ సంతకానికీ నడుమ ఉన్న ఈ ఖాళీలో మొదటిసారి ఇల్లు కొనేవారు నెలల తరబడి ఇరుక్కుపోతుంటారు. దీనికి చట్టం తెలియకపోవడం కొంత కారణమైతే, అంతకంటే పెద్ద కారణం వారి స్వభావంలోనే ఉంది. ఆ స్వభావానికి తెలుగులో ఉన్న పేరు మొహమాటం.

ఎదుటివారు నొచ్చుకుంటారేమోనన్న శంకతో తనకు న్యాయంగా అవసరమైనదాన్ని కూడా నోరు తెరిచి అడగలేకపోవడమే మొహమాటం. దీన్ని చాలామంది మర్యాదగా పొరబడతారు కానీ రెండింటికీ తేడా ఉంది. అవతలి మనిషి గౌరవం చెడకుండా విషయాన్ని చెప్పడం మర్యాద. మొహమాటంలో విషయమే బయటికి రాదు. (మొహమాటానికి పోయినవారికి ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి తెలుగులో ఉంది, అది ఇక్కడ రాయదగినది కాకపోయినా అందులోని తీర్పు మాత్రం సరైనదే.) పది ఇళ్లు తిరిగి, పదకొండోదాన్ని మనసులో తనదిగా చేసుకుని, పూజగది ఎక్కడో పిల్లల బల్ల ఎక్కడో కూడా నిర్ణయించేసుకున్న దంపతులకు, ఇంటివారు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన చోట కాగితం మాట ఎత్తడం తప్పుగా తోస్తుంది. ‘మన మీద నమ్మకం లేదా అనుకుంటారేమో’ అన్న సంకోచం ఒక వారాన్ని తినేస్తుంది, ‘ఎక్కువ తొందరపెడితే చేజారిపోతుందేమో’ అన్న భయం ఇంకొక నెలను తినేస్తుంది.

వాయిదాకు తెలుగులో ఉన్న మాటలు కూడా ఈ మొహమాటానికి అనుకూలంగానే ఉన్నాయి. ‘చూద్దాంలెండి’ అన్న మాటను గమనిస్తే, వినేవారిని కూడా కలుపుకునే ‘మనం’ అందులో దాగి ఉన్నట్టు తెలుస్తుంది. ‘మేం చూసుకుని చెబుతాం’ అంటే నిర్ణయం అమ్మకందారు కుటుంబానిదని, కొనుగోలుదారు బయట నిలబడి ఉన్నాడని స్పష్టమయ్యేది. ‘చూద్దాం’ అనగానే ఇద్దరూ కలిసి ఏదో చూస్తున్నట్టు, ఆలస్యంలో కొనుగోలుదారుకు కూడా పాలున్నట్టు అవుతుంది. ‘మూఢం పోనివ్వండి’, ‘ఆషాఢం వెళ్లాక మాట్లాడుకుందాం’ అనే మాటలు మరింత చిక్కైనవి, ఎందుకంటే వాటిలో కొన్ని నిజమైన పట్టింపులు. గురు, శుక్ర గ్రహాలు సూర్యుడికి దగ్గరగా వచ్చి కనిపించకుండా పోయే మూఢంలోనూ, ఆషాఢ పుష్య మాసాల్లోనూ శుభకార్యాలు తలపెట్టని ఇళ్లు తెలుగునాట అసంఖ్యాకం. అయితే నిజమైన పట్టింపుకు ఒక గుర్తు ఉంది: దానికి ముగింపు తేదీ ఉంటుంది. శ్రావణ శుద్ధ పంచమి నాడు బయానా తీసుకుంటానని చెప్పిన మనిషికి పట్టింపు ఉన్నట్టు. మూఢం పోయాక మనవడి పుట్టువెంట్రుకలు, ఆ తర్వాత పితృపక్షాలు అంటూ పోయే మనిషికి అమ్మాలని లేనట్టు.

తేల్చకపోవడానికి గల కారణాలన్నీ ఒక్కటి కావు కాబట్టి వాటిని విడదీసి చూడగలగడం కొనుగోలుదారు అలవరచుకోవలసిన మొదటి నైపుణ్యం. కొందరు అసలు అమ్మే ఉద్దేశం లేకుండా తమ ఇంటికి ఎంత పలుకుతుందో తెలుసుకోవడానికి మాత్రమే బేరం పెడతారు. వీరి కోసం ఒక్క రోజు కూడా ఆగనక్కరలేదు. ఇంకొందరికి మారవలసిన ఇల్లు ఇంకా దొరికి ఉండదు. ఎక్కువగా కనిపించేది మూడో రకం, అంటే అమ్మాలని ఉన్నా ఒంటరిగా అమ్మలేనివారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. 2005లో వచ్చిన కేంద్ర సవరణ ఆ హక్కును దేశమంతటికీ విస్తరించింది. అందువల్ల పిత్రార్జితమైన ఇంటికి అన్నదమ్ముల సంతకాలతో పాటు అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా అవసరమవుతాయి. ‘ఇంట్లో అనుకుని చెబుతాం’ అన్న మాట వెనుక మాటలు లేని ఒక చెల్లెలో, అమెరికాలో ఉండి ఫోన్‌కు దొరకని ఒక కొడుకో ఉండవచ్చు. ఆ సంగతి బయట పెట్టడానికి అమ్మకందారుకు కూడా మొహమాటమే! అడగలేనివాడికీ చెప్పలేనివాడికీ మధ్య సాగే బేరంలో ఇద్దరూ మంచివారే కావడం విశేషం.

నాలుగో కారణం మమకారం. తన చేతిలో ఉన్న వస్తువుకు, అది తనదైనందువల్లనే, మనిషి ఎక్కువ విలువ కట్టే గుణాన్ని అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో గుర్తించి దానికి ఒక పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని సొంతదనపు ప్రభావం అనుకోవచ్చు. 1990లో థేలర్, డేనియల్ కానెమన్, జాక్ నెచ్ ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థులకు ఇచ్చినవి మామూలు కాఫీ కప్పులే అయినా, కప్పు చేతికి అందిన కొద్దిసేపటికే వారు అడిగిన ధర, కప్పులేని విద్యార్థులు ఇస్తామన్న ధరకు రెట్టింపుకు అటూఇటూగా తేలింది. కాసేపు పట్టుకున్న కప్పుకే అంత పట్టుదల ఉంటే, ముప్ఫై ఏళ్ల కిందట చీటీ పాడి కట్టుకున్న ఇంటికి, పెరట్లోని కరివేపాకు చెట్టుకు, తలుపు చట్రం మీద పిల్లల ఎత్తులు గుర్తుపెట్టిన గీతలకు ఎంత ఉండాలో ఊహించుకోవచ్చు. బయానా తీసుకోబోయే రోజున ఆ చేయి వెనక్కి పోవడం కొనుగోలుదారు పట్ల అవమానం కాదని తెలుసుకున్నవారికి కోపం సగం తగ్గుతుంది. అయితే కారణం అర్థమైనంత మాత్రాన కాచుకుని కూర్చోవాలని లేదు.

కాచుకోవడానికి ఖర్చు ఉంది. హైదరాబాద్‌లో 60 లక్షల రూపాయల పాత ఫ్లాట్‌ను ఉదాహరణగా తీసుకుంటే, 30 లక్షలకు పైబడి 75 లక్షల వరకు ఉండే గృహరుణాల్లో ఆస్తి విలువకు 80 శాతానికి మించి ఇవ్వకూడదన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం రుణం 48 లక్షలు దాటదు. మిగిలిన 12 లక్షలు, తెలంగాణలో ఫ్లాట్ల రిజిస్ట్రేషన్‌కు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రుసుము కలిపి అయ్యే 7.5 శాతం అంటే మరో 4 లక్షల 50 వేలు, కొనుగోలుదారు సొంతంగా తేవాలి. ఈ పదహారున్నర లక్షల కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్లను గడువుకు ముందే రద్దు చేసుకుని, భవిష్యనిధి నుంచి తీసి, నగలు కుదువబెట్టి సొమ్మును సేవింగ్స్ ఖాతాలో పెట్టుకుని కూర్చున్న కుటుంబానికి అమ్మకందారు అన్న ప్రతి ‘చూద్దాం’ వడ్డీ నష్టంగా, ఉన్న ఇంటి అద్దెగా, మురిగిపోయే రుణ మంజూరు పత్రంగా మారుతుంది. కాబట్టి అగ్రిమెంటు మీద సంతకాలు పడేవరకు డిపాజిట్లను ముట్టుకోకపోవడం వివేకం. ఇప్పటికే తిరిగాం, ఇంత ఖర్చు పెట్టాం, ఇప్పుడెలా వదులుతాం అనే ఆలోచన వచ్చినప్పుడు, గడిచిపోయిన ఖర్చు ఆగినా ఆగకపోయినా తిరిగిరాదని గుర్తు చేసుకోవాలి. ఎంచవలసింది ఇకముందు అయ్యే ఖర్చును మాత్రమే.

అమ్మకందారు మనసును కనిపెట్టడానికి మాటలకంటే కాగితాలు మంచి సాధనాలు. బ్యాంకు న్యాయవాది పరిశీలన కోసం లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు అడిగినప్పుడు, అంటే ఇల్లు చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజుల నకళ్లు అడిగినప్పుడు, రెండు మూడు రోజుల్లో తెచ్చి ఇచ్చినవారు అమ్మడానికి సిద్ధంగా ఉన్నారని అనుకోవచ్చు. బీరువా తాళం కోడలు పట్టుకుపోయిందని మూడోసారి కూడా చెప్పినవారి విషయంలో, ఒరిజినల్స్ ఏ బ్యాంకులోనో తాకట్టు ఉన్నాయేమోనని ఆరా తీయాలి. ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలను చూపే ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఎవరైనా తీసుకోగలిగినదే కాబట్టి దానికి అమ్మకందారు దయ అక్కరలేదు.

ఇక అడగవలసిన మాట. దాన్ని మధ్యవర్తి చేత అడిగించడం మొహమాటస్తులకు సులువుగా తోచినా, కమీషన్ మీద ఆధారపడ్డ మధ్యవర్తి రెండు వైపులా ఆశ పెడుతూ పోవడం సహజం కనుక, అది నేరుగా, పెద్దరికానికి లోటు రాకుండా, ఒకే ఊపిరిలో చెప్పవలసిన మాట: ‘మాస్టారూ, బ్యాంకువాళ్లు ఇచ్చిన మంజూరు ఈ నెలాఖరుదాకానే పనికొస్తుంది. వచ్చే ఆదివారంలోగా అగ్రిమెంటు రాసుకుందామంటే సంతోషం. కుదరదంటే ఆ మాటే చెప్పండి, మేమేమీ అనుకోం, వేరే ఇల్లు చూసుకుంటాం.’ ఇందులో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. అవతలివారు కాదనడానికి దారి చూపించడమే దీని బలం. కాదనడానికి మొహమాటపడి ఇన్నాళ్లు నాన్చిన మనిషి ఆ దారి కనబడగానే ఊపిరి పీల్చుకుని నిజం చెప్పేస్తాడు. ఆ మాట అన్న తర్వాత నిశ్శబ్దాన్ని భరించగలగాలి. మౌనం ఇబ్బందిగా ఉందని ‘పోనీ ఇంకో పదిరోజులైనా పరవాలేదు లెండి’ అని తామే గడువు పెంచేస్తే, చెప్పిందంతా తామే కొట్టేసినట్టవుతుంది.

చట్టం కూడా కొనుగోలుదారు నుంచి ఈ స్పష్టతనే కోరుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తి మీద హక్కు ఇవ్వదు. హక్కు వచ్చేది రిజిస్టరైన అమ్మకపు దస్తావేజుతోనే. ఒప్పందం చేసుకుని వెనక్కి తగ్గిన అమ్మకందారు చేత కోర్టు ద్వారా రిజిస్ట్రేషన్ చేయించుకోవడాన్ని ఒప్పందపు నిర్దిష్ట అమలు (స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్) అంటారు. దీనికి సంబంధించిన చట్టాన్ని 2018లో సవరించక ముందు అలాంటి తీర్పు ఇవ్వడం, ఇవ్వకపోవడం కోర్టు విచక్షణకు వదిలి ఉండేది. ఇప్పుడు ఆ విచక్షణ బాగా తగ్గింది. అయినా తాను మొదటినుంచీ సొమ్ముతో సిద్ధంగా, కొనడానికి ఇష్టంగా ఉన్నానని రుజువు చేసే భారం మాత్రం కొనుగోలుదారు మీదే ఉంది. మౌనంగా, మంచితనంగా ఎదురుచూసినవారి దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. ఉత్తరమో, వాట్సాప్ సందేశమో, మంజూరు పత్రమో, ఖాతాలో నిల్వో చూపగలిగినవారి మాట నిలుస్తుంది. దావాకు గడువు 3 ఏళ్లు. ఒప్పందంలో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మకందారు నిరాకరించినట్టు తెలిసిన నాటి నుంచి లెక్క మొదలవుతుంది. స్థిరాస్తి ఒప్పందాల్లో గడువే ప్రాణమని కోర్టులు సాధారణంగా అనుకోవు కాబట్టి, గడువు ముఖ్యమనుకునేవారు ఆ మాటను, తప్పినవారు ఇవ్వవలసిన సొమ్మును అగ్రిమెంటులో విడిగా రాయించుకోవాలి.

బయానా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆస్తి అమ్మకానికి 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. అకౌంట్ పేయీ చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ అయితే నియమమూ నెరవేరుతుంది, రుజువూ మిగులుతుంది. ‘ముందు ఓ లక్ష చేతిలో పెట్టండి, కాగితం తర్వాత చూద్దాం’ అన్న అమ్మకందారుకు కాగితమూ లక్షా ఒకే బల్ల మీద, ఒకే పూట అని చెప్పగలగాలి. నోటరీ దగ్గర ముద్ర వేయించిన అగ్రిమెంటు ఈసీలో కనిపించదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించినది కనిపిస్తుంది. అదే ఇంటిని రెండో మనిషికి చూపించి ఎక్కువ ధర రాబట్టుకోవాలనుకునే అమ్మకందారును ఆపేది రిజిస్టరైన అగ్రిమెంటే.

గడువు దాటిన తర్వాత చేయవలసినది తక్కువే అయినా కష్టమైనది అదే. చెప్పిన ఆదివారం గడిచిపోయి సోమవారం ఉదయం ‘ఇంకొక్క వారం ఆగండి’ అని ఫోన్ వస్తే, అప్పటికే ఇంట్లో అందరూ కలిసి అనుకుని ఉన్న మాట ప్రకారం వదులుకోవాలి. ఆ తేదీని ముందే భార్యకో భర్తకో, అప్పు ఇవ్వబోయే మామగారికో చెప్పి ఉంచుకున్నవారికి ఇది తేలిక, ఎందుకంటే మెత్తబడబోయిన క్షణంలో పక్కన గుర్తు చేసే మనిషి ఉంటాడు. అగ్రిమెంటు రిజిస్టరయ్యాక బేరం విరిగితే రద్దు పత్రాన్ని కూడా రిజిస్టరు చేయించాలి. అంతవరకు అమ్మకందారు ఇంకొకరికి అమ్మబోయిన ప్రతిసారీ ఈసీలో ఆ అగ్రిమెంటు అడ్డం వస్తూనే ఉంటుంది. బయానా మొత్తం తిరిగి తన ఖాతాలో పడ్డ రోజునే కొనుగోలుదారు వెళ్లి ఆ రద్దు పత్రం మీద సంతకం పెట్టి రావాలి. అంతకుముందు పెట్టకూడదు, ఆ తర్వాత కక్షకొద్దీ ఆపకూడదు.