అరెథూసా: నాణెముపై జలకన్య

గ్రీకుల పురాణములలో జలదేవతలకు కొఱత లేదు. ప్రతి ఊటకును, ప్రతి వాగునకును ఒక కన్యక అధిదేవతగా నుండెను. అట్టివారిని వారు నింఫులని పిలిచిరి. వారిలో పెక్కుమంది కావ్యములలోనే నిలిచిపోయిరి. అరెథూసా మాత్రము వెండి నాణెముల కెక్కి జనుల చేతులలో తిరిగినది. ఆమెను గూర్చియే ఇచ్చట కొంత ముచ్చటింప దలచితిమి.

అరెథూసా దక్షిణ గ్రీసునందలి పెలపొన్నీసు సీమకు చెందినది. వేటయందు ఆసక్తి గలది. ఆర్టెమిస్ దేవి పరిచారిక. ఒకనాడామె అల్ఫియస్ నదిలో స్నానమాడుచుండగా ఆ నదీదేవుడే మోహించి వెంటబడెను. పరుగిడి పరుగిడి అలసి ఆమె తన దేవిని శరణు వేడెను. దేవి ఆమెను మబ్బుతో కప్పినది. భయమున పట్టిన చెమట ధారలు కాగా కన్య నీరైపోయెను. అంతట దేవి భూమిని చీల్చి దారి యిచ్చినది. ఆ నీరు అంతర్వాహినియై సాగి, సిసిలీలోని సిరాక్యూస్ నగరమున, ఒర్టీజియా దీవియందు ఊటగా వెలువడినదట. రోమను కవి ఓవిడ్ ఈ వృత్తాంతమును ఆమె నోటనే చెప్పించినాడు.

ఒలింపియాకడ అల్ఫియస్‌లో పడిన గిన్నె సిరాక్యూస్ ఊటలో తేలినదని కూడ ఒక ప్రతీతి గలదు. భూగోళ శాస్త్రజ్ఞుడైన స్ట్రాబో దీనిని త్రోసివేసెను. నది సముద్రములో కలియుట కంటికి కనబడుచుండగా, మంచినీరు ఉప్పునీట కలియక అంతదూర మెట్లు పోవునని ఆయన ప్రశ్న. తర్కము ఆయన పక్షముననే యున్నది.

మఱి సిరాక్యూస్‌వారు ఈ కథను ఏల విడువలేదు? వారు సిసిలీకి వలస వచ్చినవారు. క్రీ. పూ. 733 ప్రాంతమున ఆర్కియస్ అనువాడు కొరింథు నుండి జనులను తెచ్చి ఆ నగరమును స్థాపించెను. తమ తాతలు ఓడలపై దాటిన సముద్రమునే ఆ నీరు అడుగున దాటినదని వారి నమ్మిక. క్రీ. పూ. మూడవ శతాబ్దమున, సిరాక్యూస్ కవి థియోక్రిటస్ వ్రాసిన ఒక ఖండికలో, అలెగ్జాండ్రియాలో కాపురమున్న ఇద్దఱు సిరాక్యూస్ స్త్రీల యాసను ఒక పరాయివాడు వెక్కిరించును. వారిలో ఒకతె, తాము కొరింథువారి సంతతి యనియు, తమది పెలపొన్నీసు పలుకనియు గట్టిగా బదులు చెప్పును. అప్పటికి వలస వచ్చి నాలుగువందల యేండ్లు దాటినవి! ఇంట నొక భాష, వీధిలో నొక భాష పలుకు మన పాఠకులు ఈ ఘట్టమునకు నవ్వుకొనక మానరు.

ఇక నాణెములు. (సంస్కృతమందలి ద్రమ్మ శబ్దము గ్రీకు ద్రక్మ నుండి వచ్చినదే.) సిరాక్యూస్ నాణెములపై ఒకవైపున నాలుగు గుఱ్ఱముల రథము, రెండవవైపున స్త్రీ శిరస్సు, దాని చుట్టును డాల్ఫిన్‌లు ఉండును. ఉప్పు సముద్రము నడుమ తీయని ఊట యని దాని భావము. యువైనెటస్, కిమోన్ అను శిల్పులు చెక్కిన పది ద్రక్మాల నాణెములు సుమారు 43 గ్రాముల బరువు తూగును. తమ పనిపై వారు పేరులు కూడ చెక్కుకొనిరి.

మాకు అన్నిటికంటె నచ్చినది కిమోన్ క్రీ. పూ. 405 ప్రాంతమున చేసిన నాలుగు ద్రక్మాల నాణెము. అంతవఱకు ముఖమును ప్రక్కనుండి చూపుటయే వాడుక. ఎదుటి ముఖమును చెక్కినచో ఉబ్బెత్తుగా నుండు ముక్కు ముందుగా అఱిగిపోవును. కిమోన్ ఆ చిక్కును లెక్కసేయలేదు. ఆమె మనవైపే చూచుచుండును. విడివడిన కురులు నీటిలో తేలునట్లు అలలలుగా పఱచుకొనగా, వాని నడుమ డాల్ఫిన్‌లు ఈదుచుండును. నుదుటి పట్టెపై శిల్పి పేరు, పైన అరెథూసా పేరు గ్రీకు లిపిలో నున్నవి. కనుక ఈ ముఖము ఎవరిదను సందేహమునకు తావు లేదు.

ఈ నాణెము సిసిలీలోనే ఆగిపోలేదు. గ్రీసుదేశపు ఉత్తర భాగమున, థెస్సలీలోని లారిస్సా నగరమువారు తమ జలకన్యను నాణెముపై ముద్రింప దలచినపుడు, కిమోన్ చెక్కిన ఈ ముఖమునే మాదిరిగా గైకొనిరి.