ఒకే తేదీ - మూడు సంగతులు

కిషన్‌బాగ్‌లో సాయంత్రం చదువు కేంద్రం. గోడకు క్యాలెండర్ వేలాడుతోంది.

"సెప్టెంబర్ నెలలో 28 మీద వేలు పెట్టండి" అంది టీచరక్క.

ఒక చెల్లె లేచి వేలు పెట్టింది. "ఈ రోజు ఏముంది అక్కా? పండగ లేదు. సెలవు లేదు" అంది.

"నిజమే. కాని ఈ తేదీన వేరు వేరు ఏండ్లలో మూడు పెద్ద సంగతులు జరిగాయి. ఒకటి మన మూసీ ఒడ్డునే జరిగింది. చదువుదాం రండి" అంది టీచరక్క.

1895 సెప్టెంబర్ 28

వినుకొండలో ఒక బిడ్డ పుట్టాడు. పేరు గుర్రం జాషువా. పేద ఇల్లు. చిన్నప్పటి నుంచి కులం పేరుతో అవమానాలు పడ్డాడు. అయినా చదువు వదల్లేదు. పెద్ద కవి అయ్యాడు. అంటరానితనం తప్పని తన కవిత్వంలో గట్టిగా అడిగాడు. ఆయన రాసిన 'గబ్బిలం' తెలుగువాళ్లందరికీ తెలిసిన పుస్తకం.

1908 సెప్టెంబర్ 28

మన కిషన్‌బాగ్ మూసీ ఒడ్డున ఉంది. మనకు ఎగువన బాపూఘాట్ దగ్గర ఈసీ నది వచ్చి మూసీలో కలుస్తుంది. ఆ నీళ్లు మన పక్క నుంచి పురానాపూల్ వైపు పోతాయి.

1908లో ఎగువన పెద్ద డ్యాములు లేవు. చెరువులే ఉండేవి. సెప్టెంబర్ చివరలో వాన ఆగకుండా కురిసింది. పైన ఒక చెరువు తెగింది. ఆ నీళ్లు కింది చెరువు మీద పడ్డాయి. అదీ తెగింది. ఇట్లా 221 చెరువులు తెగాయి. ఆ నీళ్లన్నీ మూసీలోకి వచ్చాయి.

28వ తేదీ, సోమవారం. మూసీ పట్నంలోకి పొంగింది. అఫ్జల్ పూల్, ముసల్లంజంగ్ పూల్, చాదర్‌ఘాట్ పూల్ కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. వేల ఇండ్లు కూలిపోయాయి.

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. సుమారు 150 మంది ఆ చెట్టెక్కారు. వరద తీసేదాకా కొమ్మలు పట్టుకుని కూర్చున్నారు. ప్రాణాలతో బయటపడ్డారు.

"మా నానమ్మ దీన్ని తుగ్యానీ అనేది" అంది మూలన కూర్చున్న ఆపా. "తుగ్యానీ పేరు చెప్తే ఆమె కండ్లల్ల నీళ్లు వచ్చేవి."

అప్పటి రాజు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. దిక్కులేని జనం కోసం ఆయన తన మహలు తలుపులు తెరిపించాడు. సరోజినీ నాయుడు వరద బాధితులకు సాయం చేశారు.

ఏడుస్తూ కూర్చుంటే మళ్లీ వరద రాదా? అందుకే 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనే ఇంజనీరును పిలిపించారు. ఎంత వాన పడింది, ఏ చెరువు తెగింది, ఎంత నీరు వచ్చింది అని ఆయన లెక్క తీశాడు. ఎగువన డ్యాములు కట్టాలని చెప్పాడు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. దానినే గండిపేట అంటాం. 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయింది. ఈ రెండూ వరదను ఆపడానికే కట్టారు. తాగే నీళ్లూ ఇచ్చాయి.

"అయితే ఇప్పుడు భయం లేదా అక్కా?" అని అడిగింది చెల్లె.

"ఉంది. 2020 అక్టోబర్‌లో పెద్ద వాన పడింది కదా. పట్నంలో ఎన్నో బస్తీలు మునిగాయి. డ్యాములు నిండితే గేట్లు తెరుస్తారు. గేట్లు తెరుస్తున్నామని చెప్పగానే ఒడ్డున ఉన్నవాళ్లు ఎత్తు చోటికి పోవాలి. సామాను కోసం ఆగొద్దు."

1929 సెప్టెంబర్ 28

ఆ రోజు ఒక చట్టం ఆమోదం పొందింది. ఆడపిల్లకు 14 ఏండ్లు, మగపిల్లవాడికి 18 ఏండ్లు నిండకుండా పెండ్లి చేయరాదని ఆ చట్టం చెప్పింది. దీన్ని తెచ్చినవారు హర్‌బిలాస్ శారదా. అందుకే శారదా చట్టం అన్నారు. ఈ చట్టం కోసం ఆడవాళ్ల సంఘాలు గట్టిగా అడిగాయి. అది బ్రిటిష్ పాలనలో ఉన్న ప్రాంతాలకే వర్తించింది. అప్పుడు మనది నిజాం రాజ్యం.

తరువాత చట్టం మారింది. ఇప్పుడు ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏండ్లు నిండాలి. ఎక్కడైనా బాల్య వివాహం జరుగుతుంటే 1098కి ఫోన్ చేయవచ్చు.

పెద్దమ్మ ఒకామె నవ్వింది. "మాకు తేదీలు ఏడివి బిడ్డా! నన్ను అడిగితే పెద్ద వాన పడ్డ ఏడు పుట్టిన అంటది మా అమ్మ. నా పెండ్లప్పుడు నాకెన్నేండ్లో నాకే తెల్వదు."

అందరూ ఒక్క నిమిషం మాట్లాడలేదు.

"అదే పెద్దమ్మా అసలు సంగతి" అంది టీచరక్క. "వరద లెక్క రాశారు కాబట్టి డ్యాము ఎక్కడ కట్టాలో తెలిసింది. పిల్ల పుట్టిన తేదీ రాస్తేనే ఆమెకు 18 నిండలేదని చూపించగలం. నోటి మాటను ఎవరైనా మార్చవచ్చు. కాగితం మీద తేదీని మార్చడం కష్టం."

బిడ్డ పుడితే 21 రోజుల లోపల పుట్టుక నమోదు చేయించాలి. దానికి రుసుము లేదు. ఆస్పత్రిలో పుడితే ఆస్పత్రివాళ్లు వివరాలు పంపుతారు. ఇంట్లో పుడితే ఇంటివాళ్లే చెప్పాలి. ఆలస్యమైతే రుసుము కట్టి నమోదు చేయించవచ్చు. పుట్టుక పత్రం తీసుకుని తేదీ, పేరు సరిగా ఉన్నాయో చదివి చూడండి. పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇంట్లో ఎత్తు మీద దాచండి. మనం మూసీ ఒడ్డున ఉన్నాం కదా!

ఆ రాత్రి పెద్దమ్మ నోటుపుస్తకం తెరిచింది. మనుమరాలి పుట్టుక పత్రం చూసి, ఆ తేదీని తన చేత్తో రాసుకుంది.

చెప్పండి

1. 1908లో మూసీకి అంత వరద ఎందుకు వచ్చింది?
2. గండిపేట ఎందుకు కట్టారు?
3. ఇప్పుడు ఆడపిల్ల పెండ్లికి ఎన్ని ఏండ్లు నిండాలి?

రాయండి

1. ఈ రోజు తేదీ, నెల, సంవత్సరం.
2. మీ ఇంట్లో అందరి పేర్లు, పుట్టిన తేదీలు. తెలియని తేదీ ఉంటే బడి కాగితాల్లో వెతకండి.

కలిసి మాట్లాడండి

మన బస్తీకి వరద వస్తే ఎవరెవరం ఎక్కడికి పోవాలి? ముసలివాళ్లను, పసిపిల్లలను ఎవరు తీసుకుపోవాలి?