ఓక్ ఆకు దిద్దిన నోట్సు

31 ఏళ్లు రాయలసీమలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పాను. ఏటా జూలైలో బోర్డు మీద అదే వాక్యం రాసేదాన్ని: ఒక జాతి మొక్కలు తమలో తాము కలిసి సంతానాన్నిస్తాయి, వేరే జాతితో కలవవు, కలిసినా పుట్టింది గొడ్డు. పిల్లలు రాసుకునేవాళ్లు, పరీక్షలో తిరిగి నాకే అప్పజెప్పేవాళ్లు, నేను మార్కులేసేదాన్ని. రిటైరయ్యాక న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వచ్చిపోతున్నాను. వచ్చినప్పుడల్లా ఆర్నెల్ల మకాం. పొద్దున్నే అమ్మాయీ అల్లుడూ పనులకు పోతే ఇల్లు బావురుమంటుంది. నాకు కారు నడపడం రాదు. కాళ్లు తీసుకెళ్లినంత దూరం చెట్లు చూసి రావడమే కాలక్షేపం. ఆ తిరుగుళ్లలో నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను. అంకెలు వేశాను గానీ ఏది ముందో ఏది వెనకో నాకే తెలీదు.

1. ఒక్క ఆకు పట్టుకుని పేరు చెప్పొద్దు.

మొదటిసారి వచ్చిన ఏడు, శరదృతువులో, పార్కులో చెట్లు చూపిస్తూ నడిపించే బృందంతో కలిశాను. అందరూ నా ఈడువాళ్లే. ఒక పెద్ద చెట్టు కింద ఆగాం. చేతికందిన ఆకు తుంపి చూశాను. సన్నగా, పొడుగ్గా, అంచులో ఒక్క గంటు లేకుండా ఉంది. ముందు రాత్రే పుస్తకం తిరగేసి ఉన్నాను. "విల్లో ఓక్" అన్నాను, కాస్త గట్టిగానే. పక్కనున్న పెద్దాయన ఏమీ అనలేదు. చేతికర్రతో మరో కొమ్మ వంచి చూపించాడు. ఆ ఆకుకి తమ్మెలున్నాయి. కింద రాలిన ఆకు ఒకటి తీశాను. అది అటూ ఇటూ కాకుండా మధ్యరకం. మూడూ ఆ ఒక్క చెట్టువే.

అది విల్లో ఓక్‌కీ రెడ్ ఓక్‌కీ పుట్టిన సంకరం. ఇక్కడివాళ్లు బార్ట్రమ్ ఓక్ అంటారు. ఫిలడెల్ఫియా పక్కన స్కూల్‌కిల్ నది ఒడ్డున బార్ట్రమ్ కుటుంబం పొలంలో ఉన్న చెట్టును చూసి, 1812లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త మిషో దాన్ని కొత్త జాతి అనుకుని 'హెటెరోఫిల్లా' అని పేరు పెట్టాడు. రకరకాల ఆకులది అని అర్థం. చూసింది చూసినట్టు పెట్టిన పేరు, తప్పేమీ లేదు. ఇప్పుడా పేరు మధ్యలో ఒక గుణకారం గుర్తు చేరింది: క్వెర్కస్ × హెటెరోఫిల్లా. కలిసి పుట్టిందని ఆ గుర్తుకు అర్థం.

అప్పటినుంచి ఏ ఓక్ దగ్గరికెళ్లినా ఎండకొమ్మ ఆకు ఒకటి, నీడకొమ్మ ఆకు ఒకటి, నేలమీదవి నాలుగు, దొరికితే కాయ చూస్తాను. అప్పుడు కూడా గొంతు తగ్గించే చెబుతాను.

2. అన్నీ అన్నిటితో కలవవు.

సంకరం సంగతి తెలిశాక కొత్తలో ప్రతి చెట్టూ సంకరంలాగే కనిపించింది. అదీ పొరపాటే. ఓక్‌లలో తెల్ల ఓక్‌ల వర్గం, ఎర్ర ఓక్‌ల వర్గం అని రెండు పెద్ద వర్గాలున్నాయి. ఏ వర్గానికా వర్గంలోనే ధారాళంగా కలుస్తాయి, అడవిలో గీత దాటవు. సగోత్రంలో సంబంధం కుదరదనే మన లెక్కకి ఇది తిరగేసిన లెక్క. తెల్ల ఓక్‌ల కాయ పూసిన ఏడే పండుతుంది, ఎర్ర ఓక్‌ల కాయకి చాలామటుకు రెండేళ్లు పడుతుంది. ఎర్రవాటి ఆకు తమ్మెల కొసన వెంట్రుకలాంటి ముల్లు ఉంటుంది, తెల్లవాటికి ఉండదు. తెల్ల ఓక్ కర్రలో నాళాలు పూడుకుపోయి ఉంటాయి కాబట్టి దాంతో పీపాలు చేస్తారు, చుక్క కారదు. ఎర్ర ఓక్ కర్రముక్క ఒక కొసన నోరు పెట్టి ఊదితే రెండో కొసన గాలి వస్తుంది. మా అల్లుడు గరాజ్‌లో బల్ల చేస్తుంటే మిగిలిన ముక్కని నీళ్లలో ముంచి ఊదాను, బుడగలొచ్చాయి. వాళ్లంతా నవ్వారు.

3. ఊరి పేరు మోసం చేస్తుంది, కుటుంబం పేరు కాపాడుతుంది.

ఇక్కడ రెడ్ సీడర్ అనేది సీడర్ కాదు, జూనిపర్. పడమటి తీరంలో అదే పేరుతో ఉన్నది ఇంకో ప్రజాతి. ఇలాంటివి వందలు, వదిలేస్తాను.

పాయిజన్ ఐవీ కథ మాత్రం చెప్పాలి. మూడేసి ఆకుల తీగ, చెట్లకి ఎగబాకుతుంది. ముట్టుకుంటే ఒళ్లు పొక్కిపోతుంది. పేరులో ఐవీ ఉన్నా ఐవీకి చుట్టం కాదు. అది మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఉన్న అనకార్డియేసీ కుటుంబం. ఆ మాట విన్నప్పుడు వెన్ను జలదరించింది. చిన్నప్పుడు మా చాకలి రంగమ్మ నల్లజీడి గింజ రసంతో బట్టలకి గుర్తులు పెడుతుంటే, ఆ రసం తగిలి నా మోచేతి మీద లేచిన పుండు ఇంకా గుర్తే. మామిడికాయ సొన తగిలి మూతి పొక్కని పిల్లలు మన ఊళ్లలో ఉంటారా? వర్గీకరణ ఎందుకండీ, బట్టీ పట్టడానికా అని అడిగిన విద్యార్థులకి ఈ తీగ చూపించి ఉంటే బాగుండేది. సముద్రాలవతల, ఎన్నడూ చూడని మొక్క దగ్గర, దాని చుట్టమెవరో తెలిస్తే చాలు, చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

4. సంకరం అనేది తిట్టు కాదు.

మన భాషలో 'సంకరజాతి' అంటే తిట్టే. క్లాసులో ఆ మాట అన్నప్పుడల్లా వెనక బెంచీల్లో ముసిముసి నవ్వులు వినిపించేవి. నేనూ దాన్ని దాటేసి పోయేదాన్ని.

మా మనవరాలు కాలేజీలో డేటా సైన్స్ చదువుతోంది. ఒకరోజు లాప్‌టాప్ తెచ్చి, "అమ్మమ్మా, నీ పూలు మా క్లాసులోకొచ్చాయి" అంది. ఐరిస్ పట్టిక. 3 జాతులు, జాతికి 50 చొప్పున 150 పూలు, ఒక్కో పువ్వుకి రక్షకపత్రాల పొడుగు, వెడల్పు, ఆకర్షణపత్రాల పొడుగు, వెడల్పు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ ఇదే పట్టికతో పాఠం మొదలవుతుందట. మిషన్‌కి పూలను వేరు చెయ్యడం నేర్పిస్తారు. సెటోసా చప్పున విడిపోతుంది. వర్సికలర్, వర్జినికా మాత్రం అంచుల దగ్గర ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. "ఎందుకో మీ ప్రొఫెసర్ చెప్పారా?" అన్నాను. "డేటా అంతే అమ్మమ్మా, ఓవర్‌లాప్" అంది.

డేటా అంతే కాదు. ఆ పూలని కొలిచినవాడు ఎడ్గార్ ఆండర్సన్, సెయింట్ లూయీలోని మిస్సోరి బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. సెటోసా, వర్సికలర్ పూలని కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో ఒకే మైదానంలో కోశాడు. కొన్నేళ్లు ఊరూరా తిరిగి, కొలిచి, 1936లో ఆయన తేల్చిందేమిటంటే, వర్సికలర్ మిగతా రెండిటి సంతానం. సెటోసా క్రోమోజోములు 38, వర్జినికావి 70, వర్సికలర్‌వి 108. కూడిక వేసి చూసుకోండి. తల్లిదండ్రుల క్రోమోజోముల మూటలు మొత్తం కలిసి ఒక కొత్త జాతి అయింది. అందులో వర్జినికా వాటా పెద్దది కాబట్టి పువ్వు అటువైపు మొగ్గింది. అదే ఏడు గణాంకశాస్త్రవేత్త ఫిషర్ ఆ కొలతల మీద తన గణితం ప్రచురించినప్పుడు ఈ సంగతిని కూడా పరీక్షించాడు. ఆ వ్యాసం వచ్చిన పత్రిక యూజెనిక్స్‌ది. మనుషుల్లో మేలిరకం వంశాలని ఏరాలనుకున్నవాళ్ల పత్రికలో, ఒక సంకరం పువ్వు పెద్దమనిషిలా కూర్చుని, ఇప్పుడు ప్రపంచమంతటి పిల్లలకీ పాఠం చెబుతోంది. నాకిది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మనవరాలు కాసేపు తెరవైపు చూసి, "మరి మా మోడల్ తప్పు చేసిన చోట నిజంగా తప్పు చేసినట్టేనా?" అంది. దానికి నేను మార్కులు వెయ్యలేదు గానీ, వేస్తే పదికి పది.

5. ఎక్కువ పేర్లు పెట్టినవాణ్ణి వెక్కిరించొద్దు. ముందు నేలని చూడండి.

ఐరిస్‌లదే ఇంకో కథ. 1920లలో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌కి చెందిన జాన్ కంకెల్ స్మాల్ లూసియానా చిత్తడి నేలల్లో ఇటుకరంగు, నీలం, ఊదా, వాటి మధ్య ఎన్ని ఛాయలున్నాయో అన్నీ చూసి, పదులకొద్దీ కొత్త జాతులుగా పేర్లు పెట్టాడు. 1935లో జీవశాస్త్రవేత్త పెర్సీ వియోస్కా అక్కడే ఉండి పరిశీలించి, అసలు జాతులు చేతివేళ్లకి మించవనీ మిగతావన్నీ వాటి సంకరాలేననీ చెప్పాడు. హాథార్న్ పొదల విషయంలో వృక్షశాస్త్రవేత్త సార్జెంట్ అయితే 700 పైచిలుకు పేర్లు పెట్టాడు. ఆ పొదల్లో చాలావాటికి అండం ఫలదీకరణ చెందకుండానే గింజ కడుతుంది, పిల్ల అచ్చం తల్లిలాగే ఉంటుంది. మన నర్సరీల్లో జంబేరి నిమ్మ గింజలు నాటితే ఒక్క అచ్చున వచ్చినట్టే. ఒక్కో అచ్చుకీ ఒక్కో పేరు. ఆయన కళ్లు మంచివే, గీత ఎక్కడ గియ్యాలన్నదే తగువు.

లూసియానాలో నాకు నచ్చింది మరొకటి. ఎర్ర ఐరిస్‌ది గట్టు, నీలం ఐరిస్‌ది బురద. గట్టుకీ బురదకీ తేడా ఉన్నంతకాలం కలిసినా పిల్లకి చోటు లేదు. చెట్లు కొట్టి, కాలవలు తవ్వి, పశువుల్ని మేపిన పొలంలో అటూ ఇటూ కాని నేల తయారైంది, అటూ ఇటూ కాని మొక్క అక్కడ నిలిచింది. కొన్నిచోట్ల సంకరాల గుంపు ఒక రైతు కంచె దగ్గర ఠక్కున ఆగిపోయిందట. అంటే ఆ పూలకి పెళ్లిపందిరి వేసింది మనిషే. ఆండర్సన్ ఈ మాటనే శాస్త్రంగా రాశాడు.

6. 'గొడ్డు' అని రాయించినందుకు నా విద్యార్థులకి క్షమాపణ.

వాషింగ్టన్, ఐడహో రాష్ట్రాల పాలూస్ ప్రాంతంలో ఐరోపా నుంచి వచ్చిన మూడు ట్రాగోపోగన్ కలుపు మొక్కలు ఒకచోట చేరాయి. వాటి మొదటితరం సంకరాలు నిజంగానే గొడ్డువి. కానీ కొన్నిటిలో క్రోమోజోములు 12 కాస్తా 24 అయ్యాయి, గింజ కట్టింది. 1950లో మారియన్ ఓన్‌బీ వాటిని రెండు కొత్త జాతులుగా ప్రకటించాడు. అవి పుట్టేసరికి మా అమ్మమ్మ పుట్టే ఉంటుంది.

పొద్దుతిరుగుడు సంగతి ఇంకా దగ్గరది. అది ఉత్తర అమెరికా మొక్క. దాని పిన్నికొడుకులాంటిది ప్రెయిరీ పొద్దుతిరుగుడు, హీలియాంథస్ పెటియోలారిస్. కొలరాడో వెళ్లినప్పుడు రోడ్డుపక్క కంకరలో చూశాను, పిడికెడు పువ్వు. ఈ రెండూ ఎప్పుడో కలిసి, యూటా, అరిజోనా ఇసకదిబ్బల మీద, అమ్మానాన్నా ఇద్దరూ బతకలేని చోట, అనోమలస్ అనే మూడో జాతిని నిలబెట్టాయి.

ఆ ప్రెయిరీ మొక్కకి మన చేలతోనూ చుట్టరికం ఉంది. హైబ్రిడ్ విత్తనం కట్టాలంటే పుప్పొడి లేని ఆడ వరుస కావాలి. పొద్దుతిరుగుడు తల మధ్యలో వందల చిన్న పూలు, ప్రతిదాంట్లో ఆడా మగా రెండూ ఉంటాయి. కేసరాలు ఎవరు గిల్లుతారు? 1969లో ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే శాస్త్రవేత్త ఈ ప్రెయిరీ మొక్కని తల్లిగా పెట్టి సాగురకంతో కలిపితే, పుప్పొడి లేని మొక్కలు వచ్చాయి. ఆ గుణం తల్లి కణద్రవ్యంలో ఉంది కనుక తరతరాలకీ తల్లివైపు నుంచే వస్తుంది. ప్రపంచంలో హైబ్రిడ్ పొద్దుతిరుగుడు చాలామటుకు దాని మీదే ఆధారపడింది. మన దేశపు మొదటి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1 బెంగళూరు నుంచి 1980లో వచ్చింది. కర్నూలు జిల్లాలో మా మేనమామ చేలో ఆడ వరుసలు, మగ వరుసలు వేసి విత్తనం కట్టించుకునేవాళ్లు. ఆ గట్టు మీద కూర్చునే పిల్లల నోట్సులు దిద్దాను, "కలిసినా పుట్టింది గొడ్డు" అన్న వాక్యానికి ఎర్రసిరాతో టిక్కు పెడుతూ.

7. పేరు మారితే అలగొద్దు.

ఇక్కడ సెప్టెంబరులో ఊదారంగులో పూసే న్యూ ఇంగ్లండ్ ఆస్టర్‌కి లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు ఆస్టర్ నోవే-ఆంగ్లియే. 1994లో గై నీసమ్ అమెరికా ఆస్టర్లని విడదీశాక అది సింఫియోట్రైకం నోవే-ఆంగ్లియే అయింది. దత్తత పోయిన పిల్లాడికి ఇంటిపేరు మారి సొంతపేరు మిగిలినట్టు. నడక బృందంలో సగంమంది ఆ కొత్త పేరు పలకనే పలకరు. హెర్బేరియంలో పద్ధతి నాకు నచ్చుతుంది. పాత చీటీ చింపరు. పక్కన కొత్త చీటీ అంటించి, పేరు, తేదీ, సంతకం పెడతారు. ఒక్కో షీటు మీద నాలుగైదు చీటీలు, నాలుగైదు చేతిరాతలు ఉంటాయి.

8. కిందటి అక్టోబరులో ఆ బార్ట్రమ్ ఓక్ కింద తొమ్మిది కాయలు ఏరాను. చలి తగిలితే గానీ మొలవవు కాబట్టి తడి ఇసకలో పెట్టి, డబ్బా ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా వెనక దాచాను. మా అల్లుడు రెండుసార్లు మూత తీసి, వాసన చూసి, ఏమీ అనకుండా మూసేశాడు. నేను ఊరెళ్లిపోయాక ఏప్రిల్‌లో మనవరాలు వాటిని కుండీల్లో వేసింది. తొమ్మిదిలో మూడు మొలిచాయి. లేతాకుల్ని నమ్మకూడదని తెలుసు, అయినా ఫోటోలు పెట్టమన్నాను. ఒకదానికి సన్నాకులు, ఒకదానికి తమ్మెలు. మూడోది ఎటు పోవాలో ఇంకా తేల్చుకోలేదు. "చీటీల మీద ఏం పేరు రాయమంటావు అమ్మమ్మా?" అని అడిగింది. చెట్టు ఉన్న చోటు, కాయ ఏరిన తేదీ రాసి, పేరు దగ్గర ఖాళీ వదలమన్నాను. పెన్సిల్‌తో.