పొరల పొందిక

తెరపై ప్రేక్షకుడికి కనిపించేది ఒకే దృశ్యం. చెవికి సోకేది ఒకే ధ్వని. కాని ఆ రెండూ అనేక పొరల కలయికలు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిత్రాలను, అక్షరాలను, మాటలను, సంగీతాన్ని వేర్వేరు వరుసలలో ఉంచి ఒకే కాలరేఖపై అమర్చుతారు. ఈ వరుసలనే పొరలు లేదా ట్రాక్‌లు అంటారు.

కంప్యూటర్లు రాకపూర్వమే ఈ కళ ఉన్నది. ఒకే ఫిల్ముపై రెండుసార్లు చిత్రీకరించి రెండు దృశ్యాలను కలిపేవారు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రంలోని మాయాదృశ్యాలు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కెమెరా నైపుణ్యానికి నిదర్శనాలు. నాడు పొరపాటు జరిగితే తిరిగి చిత్రీకరించవలసిందే. నేడు ఏ పొరకాపొర విడిగా ఉండడంవల్ల ఒకదానిని సవరించినా మిగిలినవి చెక్కుచెదరవు.

ఈ విద్య వినోదానికే పరిమితం కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ‘సైట్’ టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. ఒక దృశ్యంతోపాటు రెండు ధ్వని మార్గాలను పంపే వీలు అందులో ఉండేది. అంటే ఒకే బొమ్మను రెండు భాషలలో వినిపించవచ్చు.

దృశ్యపు పొరలకు, ధ్వని పొరలకు ఒక ముఖ్యభేదం ఉన్నది. పైనున్న దృశ్యం కిందిదానిని కప్పివేస్తుంది. అందుకే అక్షరాలను, గుర్తులను పైపొరలో ఉంచుతారు. కింది బొమ్మ కూడా కనిపించాలంటే పైపొరను కొంత పారదర్శకం చేస్తారు. ధ్వని అటువంటిది కాదు. అన్ని పొరలూ ఒకేసారి వినిపిస్తాయి. వాటి తీవ్రతలు కలిసిపోతాయి. ఆ మొత్తం డిజిటల్ పరిమితిని మించితే ధ్వని పగులుతుంది. కనుక వ్యాఖ్యానం మొదలైనప్పుడు సంగీతం స్థాయిని తగ్గిస్తారు.

పొరల అమరికలో కాలనియమం మరింత కీలకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో హైదరాబాదు సమీపంలోని రాజేంద్రనగర్‌లో రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉండేది. ఆ విశ్వవిద్యాలయం 2003 ఖరీఫ్‌లో నాటి రాష్ట్ర రైతులకు ‘శ్రీ’ వరి సాగును పరిచయం చేసింది. మడగాస్కర్‌లో రూపొందిన ఈ పద్ధతిలో 8 నుండి 12 రోజుల లేతనారును, కుదురుకు ఒక్కొక్క మొక్క చొప్పున, 25 సెంటీమీటర్ల ఎడంలో నాటుతారు. సాధారణ పద్ధతిలో నారు వయస్సు ఇంతకు రెట్టింపుకన్న ఎక్కువే.

ఇటువంటి సాగుపై వీడియో పాఠం తయారుచేసే ఎడిటర్, పోలిక కోసం ముదురునారును, లేతనారును ఒకదాని వెంట ఒకటి చూపుతాడనుకొందాం. ‘8–12 రోజులు’ అన్న అక్షరాల పొర రెండు మూడు సెకన్లు ముందుకు జరిగితే అది ముదురునారు బొమ్మపై పడుతుంది. చూసిన రైతు ఆ ఎత్తు నారునే సరియైనదని భావించి నాటవచ్చు. అప్పుడు లేతనారువల్ల కలిగే అధికమైన పిలకల లాభం దక్కదు. పోయేది ఒక పంటకాలం. చదువురాని రైతుకు వ్యాఖ్యానమే ఆధారం. సంగీతం దానిని మింగివేస్తే, తెరపై అక్షరాలెన్ని ఉన్నా అతనికి పాఠం అందదు.

అందుచేత నిపుణుడైన ఎడిటర్ పని ముగించాక దృశ్యం చూడకుండా ధ్వనిని ఒకసారి వింటాడు. ధ్వని లేకుండా దృశ్యాన్ని మరొకసారి చూస్తాడు. ఆపైన రెండింటినీ కలిపి పరిశీలిస్తాడు. కొత్త పొరను చేర్చడం క్షణంలో పని. అది చెప్పవలసిన విషయాన్ని స్పష్టం చేస్తున్నదా, మరుగుపరుస్తున్నదా అని నిర్ణయించడమే అసలు విద్య.