తాటిచెట్టు ఎక్కేవారికి తాడు, క్లిప్పు: కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతిన్న రోగి మంచం పక్కన కూర్చునేవారిలో చాలాసార్లు అతని తమ్ముడో, కొడుకో ఉంటారు. ఊరికి వెళ్లాక వారూ చెట్టు ఎక్కవలసినవారే. ఈ పాఠం వారి కోసం, వారు దిగివచ్చేదాకా ఇంటి దగ్గర ఎదురుచూసేవారి కోసం.

మోకు ఎందుకు జారుతుంది?

గీత పనివారు తరతరాలుగా మోకు, ముత్తాదు, కాళ్లకు గుజి వాడుతున్నారు. అవి తీసిపారేయవలసినవి కావు. మోకు చెట్టును, మనిషిని కలిపి చుట్టి ఉంటుంది. మనిషి వెనక్కి వాలితే అతని బరువుకే అది మానును బిగించి పడుతుంది. అయితే కాళ్లు మానును తన్ని పెట్టినంతసేపే ఈ పట్టు. కాలు జారి ఒళ్లు చెట్టుకు ఆనుకుందా, మోకు వదులైపోతుంది. వానకు తడిసిన మాను మీద ఇది క్షణంలో జరుగుతుంది. అంటే మోకు ఎక్కడానికి చేసిన సాధనమే గాని, పడేవాడిని ఆపడానికి చేసినది కాదు. ఎంత అనుభవమున్నా ఈ లోపం తీరదు.

ఇందుకోసమే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్ష' పేరుతో రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కాటమయ్య గీత పనివారు కొలిచే దైవం. కొండలెక్కేవారి సామాను వంటిదే ఇందులోనూ ఉంటుంది: తాడు, క్లిప్పులు, హ్యాండిల్, కాలికి ఉచ్చు మొదలైనవి.

హ్యాండిల్ ఎలా పనిచేస్తుంది?

తాడు మీద ఎక్కే హ్యాండిల్‌ను 1958లో స్విట్జర్లాండ్‌కు చెందిన జూసి, మార్టి అనే ఇద్దరు తయారుచేశారు. వారి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి 'జూమర్' అని పేరు పెట్టారు. దాని లోపల చిన్న పళ్లున్న ఒక బిళ్ల ఉంటుంది. పైకి తోస్తే బిళ్ల తాడును వదిలి జారుతుంది, కిందికి లాగితే తాడును కరుస్తుంది. ఎంత బరువు వేస్తే అంత గట్టిగా కరుస్తుంది. దీనికి మీ చేతి బలంతో పనిలేదు, అందుకే అలసిన మనిషిని కూడా నిలబెడుతుంది.

కానీ ఒక్క జాగ్రత్త. ఆ పళ్లు నెమ్మదిగా పడే బరువుకు చేసినవి. తాడు వదులుగా ఉండి మనిషి ఒక్కసారిగా పడితే అవే పళ్లు తాడు పైపొరను చీల్చగలవు. కాబట్టి తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి, దాన్ని కట్టిన చోటు నడుముకంటే పైన ఉండాలి. దిగే పరికరంలో తాడు మెలికలు తిరిగి ఒరుసుకోవడం వల్ల వేగం తగ్గుతుంది. అక్కడ కింది తాడును పట్టిన చెయ్యి వదలకూడదు. వేగంగా దిగితే లోహం కాలి తాడునూ కాలుస్తుంది. తాడు చివర పెద్ద ముడి తప్పకుండా వేయాలి.

మానుకు రెండు పట్టీలు వేసి ఎక్కేవారు అడ్డొచ్చిన మట్టను దాటేటప్పుడు ఒకటి విప్పితే రెండోది బిగించి ఉండాలి. ప్రమాదం పొంచి ఉండేది ఆ విప్పే క్షణంలోనే.

తాటిమట్టల అంచులు రంపంలాంటివి. గీత కత్తి అంతకంటే పదును, బరువు పడిన తాడుకు అది తగిలితే చాలు. ఎండలో రోజులతరబడి వదిలిన తాడు పైకి బాగున్నట్టే కనిపిస్తూ లోపల బలం కోల్పోతుంది. ఇంట్లోవారు చేయగలిగింది ఇక్కడే ఉంది: వారానికోసారి తాడును మొదటినుంచి చివరిదాకా వేళ్లతో తడిమి చూడండి. గట్టిపడిన చోటు, మెత్తబడిన చోటు, పోగులు లేచిన చోటు కనబడితే ఆ తాడు ఇక బావి నీళ్లకో, పశువులకో. రోజూ ఎక్కేముందు మోకాలెత్తున వేలాడి చూసి, ఆ తర్వాతే పైకి వెళ్లాలి.

'రోజుకు ఇన్ని చెట్లు ఎక్కాలి, ఇవన్నీ తగిలించుకుంటూ కూర్చుంటే పని తెమలదు' అని పెద్దవారు అంటారు. ఆ మాటలో నిజముంది. మొదట్లో ఆలస్యమవుతుంది, కొన్ని చెట్లు తగ్గించుకోవలసి రావచ్చు. చిలక్కొయ్యకు వేలాడే కిట్టు మాత్రం ఎవరినీ కాపాడదు.

తాడుకు వేలాడుతున్న మనిషి

పట్టీలు కాపాడినా పని అక్కడితో అయిపోదు. కదలిక లేకుండా నిటారుగా వేలాడేవారి కాళ్లలో రక్తం నిలిచిపోయి, గుండెకు, మెదడుకు తగ్గుతుంది. కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందువల్ల ఒంటరిగా చెట్టెక్కకూడదు, దించడం తెలిసినవారొకరు పిలుపు దూరంలో ఉండాలి. స్పృహలో ఉంటే కాళ్లు ఆడించమనండి, మానును తన్నమనండి. దించాక వెల్లకిలా పడుకోబెట్టండి. కాసేపు కూర్చోబెట్టే ఉంచాలన్న పాత సలహాను ఇప్పుడు పాటించడం లేదు.

నేలమీద పడినవారిని మాత్రం ఎవరూ చంకల కింద చేతులు వేసి లేపకూడదు, కూర్చోబెట్టకూడదు, ఆటోలో ముడిచి వేయకూడదు. విరిగిన ఎముక ఆ కదలికతోనే వెన్నుపామును నొక్కవచ్చు. తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకొని, 108కి ఫోన్ చేయించండి. నీళ్లు తాగించవద్దు. వాంతి వస్తే మాత్రం తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి ఒక్కసారిగా పక్కకు తిప్పాలి. ఎంత ఎత్తు నుంచి ఏ సమయంలో పడ్డారో, పడిన వెంటనే కాళ్లు కదిలించారో లేదో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పండి.