బియ్యపుగింజంత ముక్క చుట్టూ కొలువులు

ఎమ్మారై ఫిల్ములో అయిదారు తెల్లటి ఉంగరాలు కనిపిస్తే ఇంట్లోవాళ్లకు ముందు తోచేది క్యాన్సరే. ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకితే అలా కనిపించే మాట నిజమే. అయితే క్షయగడ్డలు, బద్దెపురుగు తిత్తులు, చీముగడ్డలు కూడా ఇంచుమించు అలాగే ఉంటాయి. ఒకదానికి రేడియేషన్, ఇంకోదానికి నెలల తరబడి టీబీ మాత్రలు. ఏది ఏదో తేల్చే పనిలో డాక్టర్లతోపాటు ఇంకెవరుంటారో బైపీసీ పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. నీట్ ర్యాంకు రాకపోతే అంతా అయిపోయిందనుకునే ఇళ్లలో మరీను.

బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ చదివితే ఎమ్మారై టెక్నాలజిస్టు కావచ్చు. బటన్ నొక్కి కూర్చునే పని కాదది. ఒంట్లో పేస్‌మేకర్ ఉందా, పాత ఆపరేషన్ క్లిప్పులున్నాయా అని గుచ్చి గుచ్చి అడగాలి. గాడోలినియం అనే కాంట్రాస్టు మందు ఎక్కించేముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడాలి. రోగి కాస్త కదిలినా చిన్న మచ్చ చెదిరిపోతుంది. ఎమ్మారైలోనే డిఫ్యూజన్ అనే పద్ధతిలో చీము తెల్లగా మెరుస్తుంది, స్పెక్ట్రోస్కోపీ అనే పద్ధతిలో క్షయగడ్డ కొవ్వు జాడ చూపుతుంది. వాటిని చదివేది రేడియాలజిస్టే అయినా, చదవదగ్గ బొమ్మ ఇవ్వాల్సింది టెక్నాలజిస్టు.

బొమ్మతో తేలకపోతే బయాప్సీ. సూదితో తీసే ముక్క బియ్యపుగింజంత కూడా ఉండకపోవచ్చు. అందులో కాస్త రెండు స్లైడ్ల మధ్య నలిపి, రంగు వేసి, థియేటర్లో సర్జన్ ఎదురుచూస్తుండగానే పాథాలజిస్టు మాట చెప్పాలి. మిగతా ముక్కంతా ఫార్మలిన్‌లో వేశారో, క్రిములు చచ్చి టీబీ కల్చర్‌కు పనికిరాదు. కొంచెం సెలైన్‌లో విడిగా పంపాలి. ఫార్మలిన్‌లో వేసిన ముక్కను పొదిగిన మైనం దిమ్మెను మైక్రోటోమ్ మీద 3-4 మైక్రాన్ల పొరలుగా కోసేటప్పుడు చెయ్యి తొందరపడితే ఆ కాస్తా చెత్తబుట్టలోకే. నన్నడిగితే ఈ మొత్తంలో అసలు నేర్పు ఇక్కడే ఉంది, పేరు మాత్రం ఎక్కడా రాదు. ఈ పనికి దారి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ).

ఎంబీబీఎస్ చేసినవాళ్లకు నీట్ పీజీ రాసి రేడియాలజీ, పాథాలజీ ఎండీలు. మెదడు మీదే పనిచేయాలనుకుంటే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. అక్కడి బ్రెయిన్ మ్యూజియం ఒకసారి చూసి రండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణలో మెదడు ట్యూమర్ల పేర్లకు జన్యుమార్పులూ ఆధారమయ్యాక, మాలిక్యులర్ ల్యాబుల్లో బయోటెక్నాలజీ వాళ్లకూ చోటు దొరుకుతోంది.

ఫీజు కట్టేముందు కాలేజీవాళ్లను రెండే అడగండి: మీ ఆస్పత్రిలో ఎమ్మారై ఉందా, రోజుకు ఎన్ని బయాప్సీలు వస్తాయి?