చెడుగుడు బరిలో పట్టు

సంక్రాంతి నాటికి గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో ప్రత్తి తీతలు చాలవరకు సాగియుండును, మిరపతోటలు ఎఱ్ఱవాఱుచుండును. ఆ పండుగ దినములలో పెక్కు గ్రామములందు చెడుగుడు పందెములు జరుగును. కబడ్డీ యను పేర దేశమంతట ప్రసిద్ధమైన ఈ యాటకు 1990లో బీజింగు ఆసియా క్రీడలలో స్థానము లభించినది. దీనికి బంతి యక్కఱలేదు, కఱ్ఱ యక్కఱలేదు. గీతలు గీసిన నేలయు, రెండు జట్లును ఉన్న చాలును. బీదల పిల్లలకు ఇంతకంటె అనువైన ఆట లేదు. అయితే ఆటగాని దేహమునకును, ఎదుటివాని దేహమునకును నడుమ అడ్డుపడు వస్తువేదియు ఇందు లేదు.

పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గలది. కూతకు పోయినవాడు ఒక్కడు, ఎదుట ఏడుగురు. అతడు ఒకరిని తాకి నడిమిగీత వైపు దుమికినపుడు వెనుకనుండి ఒకడు చీలమండను పట్టును. కాలు ఆగును గాని దేహము ఆగదు. చేతులు ముందుకు చాచుటకు వ్యవధి లేకున్నచో గడ్డమో నుదురో మొదట నేలను తాకును. అంతలో మిగిలినవారు అతనిపై పడుదురు. పట్టువానికిని అపాయము తక్కువ కాదు. తల వంచి, చూపు నేలకు దించి దూకువాని నడినెత్తికి ఎదుటివాని మోకాలు తగులవచ్చును. అపుడు మెడయెముకలపై పడు ఒత్తిడి మిక్కిలి ప్రమాదకరము. కావున నేర్పరియైన శిక్షకుడు పట్టు నేర్పునపుడు మొదట బలమును గూర్చి చెప్పడు. తల యెత్తుము, చూపు ఎదుటివానిపై నిలుపుము, భుజము ఆనించి తలను ప్రక్కకు ఉంచుము అని చెప్పును.

ఆట నియమములు ఈ విషయమున స్పష్టముగా ఉన్నవి. కూతగానిని కాలుసేతులందును, మొండెమునందును మాత్రమే పట్టవలెను. జుట్టు గాని బట్టలు గాని పట్టరాదు. నోరు మూసి కూత ఆపుట, గొంతు నొక్కుట, కాళ్లను కత్తెరవలె వేసి బిగించుట, గాయపడునట్లు మోటుగా పడవేయుట తప్పులు. అట్లు పట్టినచో కూతగాడు ఔట్ కాడు. గోళ్లు కత్తిరించుకొనవలెను, నగలు తీసివేయవలెను, ఒంటికి నూనె పూసికొనరాదు. మిరపకాయల సీమలో దీనికి ఇంకొకటి చేర్చవచ్చును: కల్లములో కాయలు ఏరి వచ్చినవాడు చేతులు కడుగుకొనక బరిలో దిగినచో ఎదుటివాని కన్నులు చాలసేపు మండుచునే యుండును.

నల్లరేగడి వానకు ఉబ్బి జిగురువలె పట్టుకొనును. ఎండకు బీటలు వాఱును. బీటలో ఇరికిన పాదము మెలిపడి చీలమండ బెణకును. ప్రత్తికట్టె నఱికిన చేనిలో మోళ్లు మిగిలియుండును. మిరప ఆరబోయు కల్లము చదునుగా కానవచ్చును గాని, గట్టిపడిన ఆ నేలపై పడుట బండపై పడుటతో సమానము. మట్టి, ఎరువు, ఱంపపు పొట్టు కలిపి బరిని మెత్తగా సిద్ధము చేయుట పూర్వమునుండి వచ్చుచున్న పద్ధతి. పందెపు బహుమతుల ఖర్చుతో పోల్చినచో రెండు బండ్ల పొట్టు తోలించుట గ్రామమునకు భారము కాదు.

దేహముతో దేహమును ఢీకొనుట ఆటలో భాగమైన క్రీడలు ఇతర దేశములందును కలవు. కెనడా, అమెరికాలలో మంచుగడ్డపై ఆడు ఐస్ హాకీ అట్టిది. కాళ్లకు ఉక్కు అంచు గల జోళ్లు తొడిగి, అతివేగముగా జాఱుచు, ఎదుటివానిని భుజముతో గుద్ది ఆపుదురు. దీనికి బాడీ చెకింగ్ అని పేరు. 1968 జనవరిలో బిల్ మాస్టర్టన్ అను ఆటగాడు అట్లు ఢీకొనబడి వెనుకకు పడగా, తల మంచుకు తగిలి రెండు దినములకు మరణించెను. అతని తలపై రక్షణటోపీ లేదు. అయినను అచ్చటి నేషనల్ హాకీ లీగ్ క్రొత్తగా చేరువారికి టోపీ తప్పనిసరి చేయుటకు 1979 వఱకు కాలము పట్టినది. ప్రక్కనుండి వచ్చి తలకు గుఱిపెట్టి గుద్దుటను 2010లో నిషేధించినది. ఆ సంవత్సరముననే ప్రకటింపబడిన ఒక పరిశోధనలో పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలను పరిశీలింపగా, ఢీకొనుటకు అనుమతి గల ఆల్బర్టాలో, అనుమతి లేని క్విబెక్‌లో కంటె గాయపడు అవకాశము మూడింతలకు మించి కానవచ్చినది. పిదప 2011లో అమెరికాలోను, 2013లో కెనడాలోను ఆ వయసువారి ఆటలలో దానిని మాన్పించిరి.

చెడుగుడులోను నేటి పెద్ద పోటీలలో డ్యాష్ అను పట్టు కలదు. గీత సమీపమునకు వచ్చిన కూతగానిని ఒంటితో ఢీకొని వెలుపలికి త్రోయుటయే అది. టెలివిజనులో దానిని చూచిన బాలురు తామును చేయబోవుదురు. అచ్చట మెత్తని మ్యాట్ ఉన్నది, వైద్యుడున్నాడు, ఆటగాండ్రు ఇంచుమించు సమానమైన బరువు గలవారు. ఇచ్చట ఎనిమిదవ తరగతి బాలుని ఎదుట అరక దున్నిన యువకుడు నిలువవచ్చును.

తలకు దెబ్బ తగిలినవాడు స్పృహ తప్పకున్నను మెదడు అదరియుండవచ్చును. తల తిరుగుట, వాంతి, చూపు మసకబాఱుట, ఎన్ని పాయింట్లయినవో మఱచుట దాని గుర్తులు. అట్టివానిని ఆనాడు మరల బరిలో దింపరాదు. మొదటి దెబ్బ మానకముందే రెండవది తగిలినచో ప్రాణాపాయము కలుగవచ్చును. పడినవాని ముఖముపై నీళ్లు చల్లి, చంకలలో చేతులు వేసి లేపి నిలబెట్టి, చప్పట్లు కొట్టుట పల్లెలలో వాడుక. మెడ నొప్పియన్నవానిని, చేతులు తిమ్మిరెక్కినవన్నవానిని అట్లు లేపుట ఘోరమైన పొరపాటు. పడినచోటనే కదలకుండ ఉండనిచ్చి, ఒకరు తలకు ఇరుప్రక్కల చేతులానించి నిలుపవలెను. మఱియొకరు 108కి ఫోను చేయవలెను. ఊపిరి ఆడుచున్నదో లేదో చూచుచుండవలెను. జట్టునాయకుడు తొందరపడినను, చుట్టు మూగినవారు కేకలు వేసినను, బండి వచ్చి అతనిని తీసికొనిపోవువఱకు రెఫరీ మరల ఈల ఊదరాదు.